అంబో రంగు

కార్దో మొక్కల దుకాణంలో ఒక మాట మీద నిషేధం ఉండేది. ఆ మాట ‘లేదు’.

బనహావ్ కొండ దిగుతూ జనాన్ని మోసే జీప్నీ బళ్లు గేరు మార్చుకునే మలుపులో ఆ దుకాణం. రేకుల పందిరి, దాని కింద పాలడబ్బాల్లో మందారాలు, కొబ్బరి పీచులో ఆర్కిడ్లు, సంచుల్లో కలమాన్సి నిమ్మనారు. లేదని చెప్తే వచ్చినవాడు పక్క దుకాణానికి పోతాడు, రేపొస్తుంది అని చెప్తే రేపు మన దగ్గరికే వస్తాడు. ఇదీ కార్దో కొడుక్కి నేర్పిన వ్యాపారం. కొడుకు నెస్టర్ దాన్ని బాగా ఒంటబట్టించుకున్నాడు. ఎవరేం అడిగినా ఔననేవాడు. నోరు తెరవడానికి బద్ధకమైతే కనుబొమలు ఎగరేసేవాడు. మా వైపు అదీ ఔనే.

అందుకే సాన్ రోకే ఊళ్లో అతని మాటకి ఓ పేరుండేది. ఫలానా మొక్క నెస్టర్ తెస్తానన్నాడు అని ఎవరైనా చెప్తే, విన్నవాళ్లు “అంబో రంగు” అని నవ్వేవాళ్లు. నమ్మడానికి వీల్లేని మాటకి మా ఊళ్లో అదే పేరు. వలలోంచి పెద్ద చేప జారిపోయిందన్నా అంబో రంగే, ఊరిపెద్ద కపితాన్ ఎన్నికల ముందు రోడ్డు వేయిస్తానన్నా అంబో రంగే. ఆ మాట ఎలా పుట్టిందో కుర్రవాళ్లకి తెలీదు. పుట్టినప్పటినుంచీ వింటున్నది కాబట్టి ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ ఎండలో, మందారాలు కూడా తలలు వాల్చేసిన వేళ, ఒకమ్మాయి జీప్నీ దిగి గొడుగు ముడిచి పందిరి కిందికి వచ్చింది. నెస్టర్ నీళ్లు చల్లుతున్నాడు. ఆమె చేతిరుమాలు మడత విప్పి చూపించింది. అందులో ఒకే ఒక్క ఎండుపువ్వు. వేలంత పొడుగు, పిల్లి గోరులా వంపు తిరిగి కొస తేలి ఉంది. ఎండిన వంకాయ తొక్క రంగు.

“ఈ పువ్వు పూసే తీగ మీ దగ్గరుందా?”

నెస్టర్ పువ్వు కంటే దాన్ని పట్టుకున్న వేళ్లనే ఎక్కువ చూశాడు. చూపుడువేలి కొసన సూది గుచ్చుకున్న చుక్కలు. కుట్టుపని చేసే పిల్ల అన్నమాట. కనుబొమలు ఎగరేశాడు.

“పేరేంటి?”

ఈ ప్రశ్న అతను ఊహించలేదు. “ఊదా తీగ” అన్నాడు.

“ఊదాగా ఉందని నాకూ కనపడుతోందండీ. పేరు అడిగాను.”

“పేరు శనివారం చెప్తాను. తీగతోపాటు.”

ఆమె రుమాలు మళ్లీ మడతపెట్టింది. తొందరపడకుండా, మూలకి మూల కలిపి మడతపెట్టింది. “రోడ్డు మీది దుకాణాలన్నీ తిరగమని మా లోలా చెప్పింది. ఎక్కడా దొరక్కపోతే ఆఖరికి కార్దో దుకాణానికి వెళ్లమంది. వాళ్లు లేదని చెప్పరట. తెచ్చీ ఇవ్వరట.”

గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. నెస్టర్ చేతిలో నీళ్ల గొట్టం ఒకే మందారం మొదట్లో పారుతూనే ఉంది. డబ్బా నిండి పొర్లి కాళ్లు తడిశాక గానీ చూసుకోలేదు.

ఆ పిల్ల ఎవరో సాయంత్రం తండ్రి చెప్పాడు. పేరు మిలా. ఊరి పైవీధిలో ఉండే లోలా సేపా మనవరాలు. లోలా అంటే అవ్వే గానీ సేపా ఊరందరికీ లోలాయే. మే నెలాఖరు ఆదివారం జరిగే సిలువ పండగ, సాంతాక్రూసాన్ ఊరేగింపులో ఈ ఏడు ఎలేనా రాణి వంతు మిలాది. రాణులందరూ గౌనులు వేసుకుని, ఒక్కొక్కరూ ఒక్కో పూల ఆర్చీ కింద నడుస్తారు, ఆఖర్న వచ్చేది ఎలేనా రాణి. ఇది అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. సాన్ రోకేలో ఇంకోటి కూడా ఉంది. ఆర్చీ ఎవరు కడితే రాణి పక్కన నడిచేది వాళ్లే. అలా పక్కన నడిచాక రెండిళ్ల పెద్దలూ పెళ్లి మాటలకి ఒకచోట కూచోకపోతే ఊరు ఊరుకోదు.

కపితాన్ కొడుకు రోమెల్ అప్పుడే ప్లాస్టిక్ గులాబీలకీ, వాటి మధ్య వెలిగే రంగు బల్బులకీ పట్నంలో చెప్పేశాడని కార్దో చెప్పాడు. ముసలమ్మ మాత్రం ఒక మెలిక పెట్టింది. తన దగ్గరున్న ఎండుపువ్వు లాంటి పువ్వు ఎవరు తెస్తే వాళ్లు ఆర్చీ కట్టాలి. ఎవరూ తేలేకపోతే రోమెల్ బల్బులే దిక్కు, కపితాన్‌ని కాదనలేం కదా అన్నదట.

“నువ్వేం చెప్పావు?” అని అడిగాడు కార్దో.

“శనివారం అన్నా.”

“మంచి పని చేశావు” అని తండ్రి అల్లం టీ ఊదుకుంటూ తాగాడు.

శనివారం నెస్టర్ ఊదాపూల తీగ ఒకటి డబ్బాతో సహా ఎత్తుకుని పైవీధికి వెళ్లాడు. లోలా సేపా వరండాలో కూచుని అరిటాకుల్లో సుమాన్ చుడుతోంది. నెస్టర్ వంగి, దీవెన కోసం పెద్దవాళ్ల చెయ్యి నుదుటికి ఆనించుకోవాలి కాబట్టి చెయ్యి చాపాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి తీసుకుంది.

“జిగురన్నం అంటుకుంది బాబూ. ఇంకోసారెప్పుడైనా.”

తీగ దగ్గరికి ముక్కు పెట్టి చూసింది. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వచ్చింది. “దీన్ని కూరలో వేస్తారా, రాణి నెత్తిమీద పెడతారా?” అని అడిగింది. కుట్టుమిషను వెనకనుంచి మిలా తలెత్తకుండానే నవ్వింది. ఆ నవ్వుకి మిషను కుట్టు వంకర పోయిందని నెస్టర్ కనిపెట్టాడు. దాంతో అతనికి కొంత ధైర్యం వచ్చింది.

రెండోసారి తెచ్చిన తీగకి ఊదా చుక్కల్లాంటి పూలున్నాయి గానీ ఆకు గరగరలాడింది. గిన్నెలు తోముకోడానికి పనికొస్తుంది, ఇక్కడ పెట్టి వెళ్లమంది లోలా. ఆవేళ ఆమె చేతులకి సబ్బు నురగ ఉంది. మూడోసారికి నెస్టర్‌కి తెలిసిన ఊదా తీగలన్నీ అయిపోయాయి. ఉన్నది శంఖుపువ్వు ఒక్కటే. తెచ్చాడు.

లోలా సేపా ఆ తీగనీ, తన కంచెనీ మార్చి మార్చి చూసింది. కంచె నిండా శంఖుపువ్వులే.

“నా కంచె మీదనుంచే కోశావా?”

“కాదు లోలా. పక్కింటి కంచె మీదనుంచి.”

ఆవేళ చేతికి ఏమీ అంటుకోలేదు. చేతులు కట్టుకుని కూచుంది, అంతే.

నెస్టర్ గేటు దాటేలోగా తొలకరి వాన దబదబా వచ్చిపడింది. గేటు పక్కనున్న చూరు కిందికి దూరాడు. మిలా గొడుగేసుకుని వెనకే వచ్చింది. గొడుగు ఇవ్వడానికి వచ్చిందనుకున్నాడు.

“నువ్వు మొదటిరోజే లేదని చెప్పుంటే నేను లుసెనాకో ఇంకెక్కడికో వెళ్లి వెతుక్కునేదాన్ని” అంది. “నీ ఔను పట్టుకుని ఇన్నాళ్లూ కూచున్నాను. ఇప్పుడు ఆదివారం నెత్తిమీదికొచ్చింది.”

నువ్వు అంది. మొన్నటిదాకా మీరు. నెస్టర్‌కి తిట్టంతా వానలో కలిసిపోయి ఆ ఒక్కమాటే వినపడింది.

“నవ్వుతావేం?”

“ఏం లేదు.”

“ఈ ‘లేదు’ లెక్కలోకి రాదు” అంది మిలా. “చూడు నెస్టర్, రేపెవరైనా నిన్ను మిలా అంటే ఇష్టమా అని అడుగుతారనుకో. కనుబొమలు ఎగరేస్తావు. పక్కింటి మేకంటే ఇష్టమా అని అడిగినా ఎగరేస్తావు. ఇంక నీ ఔను తీసుకుని నేనేం చేసుకోను?”

గొడుగు ఇవ్వకుండానే లోపలికి వెళ్లిపోయింది.

అతను చూరు కింద చాలాసేపు నిలబడ్డాడు. చూరు నీళ్లు వరసగా ఒకేచోట పడి మట్టిలో గుంటలు చేస్తున్నాయి. తాను ఇన్నేళ్లలో ఎవరినీ ఏదీ అడగలేదని అప్పుడు తట్టింది. అడిగితే తెలీదని ఒప్పుకున్నట్టే, తెలీదంటే లేదన్నట్టే. తడుస్తూ వెనక్కి నడిచి వరండా మెట్టు మీద నిలబడ్డాడు.

“లోలా, నాకు ఈ తీగ ఏంటో తెలీదు” అన్నాడు. “ఈ పువ్వు మీ దగ్గరికి ఎలా వచ్చింది?”

ముసలమ్మ చుడుతున్న ఆకు పక్కన పెట్టింది. కాసేపు అతని కాళ్లకింద చేరుతున్న నీళ్లమడుగు చూసి, లోపలినుంచి తుండు తెమ్మని మనవరాలికి పెదాలతోనే సైగ చేసింది. తర్వాత చెప్పింది.

యాభై ఏళ్లనాడు ఎలేనా రాణి వంతు తనది. ఆర్చీ కడతానన్నవాడు అంబో. తరవాత తన మొగుడైనవాడు, మిలాకి తాత, పోయి నాలుగేళ్లవుతోంది. ఎవరూ చూడని పువ్వు తెస్తానని అంబో కొండెక్కాడు. వానకి వాగు పొంగి దిగలేకపోయాడు. వట్టి కొబ్బరాకుల ఆర్చీ కింద తాను తలొంచుకుని నడిచింది. ఊరేగింపు చర్చి చేరి కొవ్వొత్తులు ఆర్పేశాక వచ్చాడు పెద్దమనిషి, బుట్టనిండా నలిగిపోయిన ఊదా పూలతో.

“ఇంతోటి పూలకా వెళ్లింది అన్నాను. చెట్టు మీద ఇవి ఊదా కాదు సేపా, నీళ్ల రంగు అన్నాడు. పగడపు దిబ్బల మీద సముద్రం ఎలా ఉంటుందో ఆ రంగట. పొద్దున అలా ఉండి సాయంత్రానికి ఇలా అయ్యాయట. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. సముద్రం రంగు పువ్వేంట్రా అని ఒకడు నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అప్పటినుంచే ఆ మాట.”

“అంబో రంగు” అంది మిలా, తుండు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి. తాతకి కథలు చెప్పే అలవాటుందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ ఇన్నాళ్లూ అనుకుంది.

“ఏటా మేలో రా చూపిస్తా అనేవాడు. అబద్ధం చూడ్డానికి కొండెక్కనా, నాకు పనుంది అనేదాన్ని. సరే, ఊదాయో ఏదో, ఆయన తెచ్చిన పువ్వు ఒక్కసారైనా ఈ ఇంటి పిల్ల నెత్తిమీద నడవాలని నా కోరిక.”

నెస్టర్ తుండు అందుకున్నాడు గానీ తుడుచుకోలేదు. పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి ఎర్రబడే మందారం తమ దుకాణంలోనే ఉంది. రోజూ నీళ్లు పోస్తున్నాడు. ఒక పువ్వు చేసే పని ఇంకో పువ్వు ఎందుకు చెయ్యకూడదు. ఇన్నాళ్లూ అతను ఊదాపువ్వు కోసం వెతికాడు. ఊరు మొత్తం అతనికి అసలు రంగు రోజూ చెప్తూనే ఉంది, అబద్ధానికి పేరుగా పెట్టుకుని.

మర్నాడు కొండకి అవతలివైపునుంచి వచ్చి పేము బుట్టలు అమ్మే తూరింగ్ వాళ్ల దుకాణం ముందు ఆగాడు. నెలనాడు కార్దో ఊదా తీగ గురించి అడిగితే అడవిలో అలాంటిది లేదన్నవాడే. నెస్టర్ ఈసారి సముద్రం రంగు అని అడిగాడు.

“తయబాక్ అని చెప్పవేం” అన్నాడు తూరింగ్. “పేము కోయడానికి వెళ్తే నెత్తికి తగులుతుంటాయి. రాత్రిపూట గబ్బిలాలు తలకిందులుగా వేలాడి తేనె తాగుతాయి. మీవైపునుంచైతే వాగు పట్టుకుని పైకి పోయి, రెండు బండల మధ్య లోయలో చూడు.”

ఈ మాట చెప్పడానికి నెస్టర్ పైవీధికి పరిగెత్తాడు. తాను వెళ్లి తెస్తానన్నాడు. కళ్లతో చూడనిదే అతని మాట నమ్మనని, తానూ వస్తానని మిలా అంది. పెళ్లి కాని పిల్ల పెళ్లి కాని వాడితో ఒంటరిగా కొండెక్కడమేంటని లోలా అంది. శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. లోలా చేతిలో కర్ర, మిలా సంచిలో సుమాన్లు, వాటితోపాటు రంగురంగుల దారపు ఉండలు. పువ్వు దొరికితే గౌను అంచుకి అదే రంగు దారం ఎంచుకోవచ్చని.

వాగు దాకా లోలా బాగానే నడిచింది. అక్కడ లోయకి ఎక్కేచోట దారి నిటారుగా, పాకుడుగా ఉంది. ఆమె మోకాలు పట్టుకుని ఒక బండ మీద కూలబడింది.

“నేనిక్కడే ఉంటాను. మీరు వెళ్లండి. ఒకటే షరతు. నాకు మీ గొంతులు వినపడుతుండాలి. మాటలు ఆగాయో, నేను లేచి వస్తాను.” కర్ర బండకి ఒకసారి తాటించింది.

మాట్లాడమంటే మాటలు రావు. మొదటి మలుపు దాకా నెస్టర్ మొక్కల పేర్లు గట్టిగా వల్లించాడు. అవి అయిపోతే వాటి ధరలు చెప్పాడు. మిలా తన దగ్గర గౌనులు కుట్టించుకున్న రాణులందరి నడుం కొలతలూ చెప్పబోయి, ఇది పైకి అరవాల్సిన సంగతి కాదని ఆపేసింది.

కింద కర్ర చప్పుడైంది.

“జలగలున్నాయా ఇక్కడ?” అని మిలా గబగబా అడిగింది.

నెస్టర్ కనుబొమలు ఎగరేశాడు.

“లోలాకి నీ కనుబొమలు వినపడవు. నోటితో చెప్పు.”

“ఉన్నాయి” అని అరిచాడు. “నీ మడమ మీద ఒకటి ఉంది.”

తర్వాత కాసేపు మిలా వల్ల మాటలకి కొరత రాలేదు. నెస్టర్ వంగి ఆ జలగని గోటితో ఊడదీసినప్పుడు కూడా ఆమె తిడుతూనే ఉంది, జలగనో అతన్నో తెలీదు. ఊడదీశాక పాదం వెంటనే వెనక్కి తీసుకోలేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించి, ఇద్దరూ వాతావరణం గురించి గట్టిగా మాట్లాడారు.

రెండు బండల మధ్య సన్నటి నీటిపాయ జారుతోంది. దాని మీద ఊదాగా ఏదో తేలుతూ వచ్చింది. మిలా వంగి పట్టుకుంది. పిల్లి గోరు. వేలంత పొడుగు. రుమాల్లో ఉన్నదానికి తోబుట్టువు. ఇంకోటి వచ్చింది, ఇంకోటి. నాలుగడుగులు పైకి వేస్తే నేలంతా అవే. పాతవి ముదురు ఊదా, వాటి మీద పడ్డవి నీలం, అన్నిటికంటే పైన ఇప్పుడే రాలినవి ఊదా కాదు, నీలమూ కాదు.

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

పెద్ద చెట్ల మీదనుంచి తీగ తాళ్లలా దిగింది. ఒక్కో తాటికీ మనిషంత పొడుగు గుత్తి. గుత్తి నిండా గోళ్లే గోళ్లు, వంగి, కొసలు పైకి తిప్పుకుని. లోయలో ఎండ లేదు. అయినా అవి లోపల దీపం ఉన్నట్టు కనపడ్డాయి. ఆకుపచ్చ అందామంటే నీలం అడ్డొస్తుంది, నీలం అందామంటే ఆకుపచ్చ ఒప్పుకోదు. పాలపిట్ట రెక్క విప్పినప్పుడు ఒక్క క్షణం మెరిసే రంగు ఇక్కడ మెరిసి ఆరిపోకుండా వేలాడుతోంది. ఇసుక మీద నిలిచిన లోతులేని సముద్రం అది. అంబో ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

మిలా సంచిలోంచి దారపు ఉండలు ఒక్కొక్కటీ తీసి గుత్తి పక్కన పెట్టి చూసింది. ఏదీ సరిపోలేదు. మెల్లగా అన్నీ మళ్లీ సంచిలో వేసేసుకుంది.

“ఆదివారం ఇదే రంగులో ఉంటాయా ఆర్చీ మీద?” అంది. గొంతు బాగా తగ్గిపోయింది.

నెస్టర్ చేతిలో అప్పుడే రాలిన పువ్వు ఉంది. అతని బొటనవేలు తగిలిన చోట అప్పుడే నీలపు మచ్చ తేలుతోంది. కనుబొమలు అలవాటు కొద్దీ సగం దాకా లేచాయి. అక్కడ ఆగి, మళ్లీ కిందికి దిగాయి.

“లేదు” అన్నాడు.

నోట్లో ఆ మాట కొత్త చెప్పులా ఉంది.

“కోసి కిందికి దించేలోగానే నలుగుతాయి. ఊరు చేరేసరికి ఊదా. కొమ్మకి అంటు కట్టి తీసుకెళ్లొచ్చు, కానీ అది పూయడానికి ఏళ్లు పడుతుంది. ఈ రంగు ఆర్చీ నా వల్ల కాదు మిలా. మాటిచ్చాను, కానీ కుదరదు.”

ఆ మాటతో ఏం పోతుందో అతనికి తెలుసు. ప్లాస్టిక్ గులాబీలు, బల్బులు, వాటి వెలుగులో మిలా పక్కన నడిచే రోమెల్. తెలిసే అన్నాడు.

మిలా అతన్ని పరీక్షగా చూసింది, గుడ్డ కొనేముందు నేత చూసినట్టు.

“ఇంకోటి అడుగుతాను. కనుబొమలు వద్దు.”

“అడుగు.”

“నేనంటే ఇష్టమా?”

“ఔను.”

“మేకకి చెప్పినట్టు చెప్పావు.”

“ఔను మిలా. నువ్వు గొడుగు ముడిచిన దగ్గర్నుంచీ. పేరు తెలీని తీగకి పేరు పెట్టింది అందుకే.”

ఆమె చేతిలో ఊదాపువ్వుని ఇటూ అటూ తిప్పింది. చెవులు ఎర్రబడ్డాయి.

“లోలా దుకాణాలన్నీ తిరగమంది” అంది. “నేను తిరగలేదు. తిన్నగా మీ దుకాణానికే వచ్చాను.”

ఆ తర్వాత ఇద్దరిలో ఎవరికీ మాట్లాడాలని గుర్తులేదు. నీటిపాయ చప్పుడొక్కటే మిగిలింది. మిలా చెయ్యి నెస్టర్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో, ఎవరు ముందు చాపారో తర్వాత ఎన్నిసార్లు వాదించుకున్నా తేలలేదు.

రాయి మీద కర్ర మోగింది. ఆయాసం వినపడింది. పాకుడు, నిటారు దారి, మోకాలు, అన్నిటినీ కోపంతో దాటుకుని లోలా సేపా బండల మధ్యనుంచి పైకి వచ్చింది. కర్ర ఎత్తే ఉంది.

“ఎందుకు ఊరుకున్నారని అడుగు...”

మాట అక్కడే ఆగిపోయింది.

కర్ర మెల్లగా కిందికి దిగింది. ఆమె ఇద్దరి మధ్యనుంచి నడిచి వెళ్లి ఒక గుత్తి కింద నిలబడింది. చెయ్యి చాపింది గానీ ముట్టుకోలేదు. తల ఎత్తి చాలాసేపు చూసింది. మిలా ఆమె పక్కకి వెళ్లబోతే నెస్టర్ ఆపాడు.

“నిజమే చెప్పాడు” అంది లోలా చివరికి. ఎవరితోనూ అనలేదు. “ఏటా రమ్మన్నాడు. ఏటా నాకు పనుందన్నాను.”

రుమాలుతో ముఖం తుడుచుకుని, చెమట అని చెప్పింది. తర్వాత నవ్వింది. ఒక్కతే, గట్టిగా, లోయంతా వినపడేట్టు. అది వెక్కిరింపు నవ్వు కాదు. ఆ వయసులో మనిషి అలా నవ్వడం నెస్టర్ ఎప్పుడూ చూడలేదు.

నవ్వు తగ్గి ఆమె ఒక రాయి మీద కూచున్నాక అతను ముందుకొచ్చి చెప్పాల్సింది చెప్పాడు. ఈ రంగు ఆదివారానికి రాదు, తాను మాట నిలబెట్టుకోలేడు, ఆర్చీ ఎవరిచేత కట్టించుకున్నా తనకి అడిగే హక్కు లేదు.

లోలా సేపా అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. “కార్దో కొడుకేనా నువ్వు?” అంది. “నాకొచ్చినవి ఊదావే. నా మనవరాలికీ ఊదావే రానీ. కొమ్మ మీదివి కోయకు, కింద పడ్డవి ఏరు. దండలు మిలా గుచ్చుతుంది. నువ్వు కట్టు. ఈసారి ఊరేగింపు కంటే ముందు వస్తే చాలు.”

కుడిచెయ్యి చాపింది. లేవదీయమంటోందనుకుని నెస్టర్ ఆ చెయ్యి పట్టుకుని లాగబోయాడు.

“లేపడానికి కాదురా” అంది.

చేతికి జిగురన్నం లేదు, సబ్బు లేదు. నెస్టర్ వంగి, ఆ చెయ్యిని నుదుటికి ఆనించుకున్నాడు. అది చల్లగా ఉంది. మిలా అటు తిరిగి పూలు ఏరడం మొదలుపెట్టింది.

ఆదివారం సాయంత్రం సన్నగా చినుకులు పడుతుండగానే ఊరేగింపు కదిలింది. రోమెల్ బల్బుల ఆర్చీ రెండో రాణికి వెళ్లింది. ఆ అమ్మాయికి బల్బులంటే ప్రాణం కాబట్టి అందరికీ సర్దుకుంది. ఆఖర్న ఎలేనా రాణి వచ్చింది, ఊదా గోళ్ల దండలు వేలాడుతున్న వెదురు ఆర్చీ కింద. పక్కన నెస్టర్, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, మెడ బిగుసుకుపోయి.

కపితాన్ ఇంటి ముందు జనం ఆపారు. వాడిపోయిన పూలు కట్టారేంటని ఒకామె అడిగింది.

“చెట్టు మీద ఇవి ఊదా కావు” అన్నాడు నెస్టర్. “నీళ్ల రంగు. పగడపు దిబ్బ మీద సముద్రం ఉంటుందే, ఆ రంగు.”

అరుగుల మీదనుంచీ కిటికీల్లోంచీ అందరూ ఒకేమాట అన్నారు, నవ్వుతూ. “అంబో రంగు.”

ఆర్చీ వెనక కొవ్వొత్తి పట్టుకుని నడుస్తున్న లోలా సేపా ఆగి, జనం వైపు తిరిగింది.

“ఔను” అంది. “అంబో రంగే. నేను చూశాను. నమ్మనివాళ్లు మోకాళ్లు బావున్నప్పుడే కొండెక్కి రండి.”

ఎవరూ నవ్వలేదు. ఆమె కొవ్వొత్తికి చెయ్యి అడ్డంపెట్టుకుని మళ్లీ నడిచింది.

చర్చి దగ్గరపడేసరికి బాజాలు హోరెత్తాయి. ఆర్చీ కింద మిలా ఇటు తిరిగి ఏదో అడిగింది. బాజాల్లో ఒక్క ముక్క వినపడలేదు. ఇదివరకటి నెస్టర్ అయితే వినకుండానే ఔననేవాడు. ఇప్పుడు తలొంచి, వినపడలేదు, మళ్లీ అడగమన్నాడు.

మిలా ముందుకి వంగి అతని చెవిలో మళ్లీ అడిగింది. నెస్టర్ మొత్తం విన్నాడు. ఆఖరు మాట దాకా విని, కనుబొమలు ఎగరేశాడు.

ఈసారి ఆమె నోటిమాట అడగలేదు.